చదరపు మీటరులో ఎంతమంది?

ఒక సుద్దముక్క, ఒక మీటరు స్కేలు సంపాదించండి. మీ స్కూలు ఆవరణలో, గోడలకూ మెట్లకూ దూరంగా, నేలమీద ఒక చదరం గీయండి. నాలుగు వైపులా సరిగ్గా ఒక్కొక్క మీటరు ఉండాలి. గీశారా? ఇప్పుడు అందులోకి ఒక స్నేహితుణ్ణి రమ్మనండి. జమీందారులా నిలబడతాడు. రెండో వాణ్ణి పంపండి. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు. మూడో మనిషి వచ్చాక చేతులు కాస్త దగ్గరికి తీసుకోవలసి వస్తుంది. నాలుగో మనిషితో భుజాలు తగులుతాయి. ఐదో మనిషి వచ్చేసరికి నవ్వులు మొదలవుతాయి. "నా కాలు తొక్కావురా!" అని ఎవడో అరుస్తాడు. ఆరో మనిషి గీత దాటకుండా నిలబడాలంటే అందరూ ఊపిరి బిగబట్టి సర్దుకోవాలి. ఇక అక్కడితో ఆపండి. మీరు పెద్దవాళ్లకంటె సన్నగా ఉంటారు గనక ఏడో మనిషి కూడా పట్టవచ్చు గాని, ఆ సరదా వద్దు.

మీ చదరం చుట్టూ ఖాళీ స్థలం ఉంది. ఇబ్బందిగా ఉంటే ఒక అడుగు బయటికి వేస్తే సరిపోతుంది. ఇప్పుడు ఒక్క క్షణం కళ్లు మూసుకుని మరోలా ఊహించుకోండి. మీ చదరానికి నాలుగు పక్కలా అలాంటి చదరాలే ఉన్నాయి. వాటి చుట్టూ మళ్లీ చదరాలు. ప్రతిదానిలోనూ ఆరుగురో ఏడుగురో ఉన్నారు. బయటికి అడుగు వేయడానికి చోటన్నది లేదు. వెనక్కి వెళ్లాలన్నా ముందుకు వెళ్లాలన్నా మీ ఇష్టంతో పనిలేదు. 

తిరునాళ్లలో, పుష్కరాలలో, ఆటల మైదానాలలో జనం చనిపోయారని పత్రికలలో చదువుతుంటాం. ఆ వార్తలన్నీ ఈ చదరం దగ్గరే మొదలవుతాయి. అందుకని ముందు కొంచెం లెక్క చేద్దాం. భయపడకండి, గుణకారాలను మించి ఏమీ రావు.

గుంపు పెరిగితే దారి చిక్కుతుంది

ఒక చదరపు మీటరులో ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్యను జనసాంద్రత అంటాం. మీ భూగోళశాస్త్రంలో చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని చదువుకున్నారు. ఇదీ అదే, కొలత మాత్రం చిన్నది. 

ఖాళీ రోడ్డుమీద, తొందరేమీ లేని మనిషి సెకనుకు సుమారు 1.3 మీటర్లు నడుస్తాడు. చదరపు మీటరుకు ఒక్కరు చొప్పున ఉంటే ఆ వేగం ఒక మీటరుకు కాస్త పైన ఉంటుంది. ఇద్దరుంటే 0.6 మీటర్లకు పడిపోతుంది. నలుగురుంటే 15 సెంటీమీటర్లు! అది నడక కాదు, పాదాలు ఈడ్వడం.

ఇప్పుడు తమాషా చూడండి. ఒక మీటరు వెడల్పున్న దారిలో సెకనుకు ఎంతమంది దాటతారో తెలియాలంటే సాంద్రతను వేగంతో గుణించాలి. ఇద్దరు చొప్పున ఉన్నప్పుడు 2 × 0.6 = 1.2. అంటే నిమిషానికి 72 మంది. నలుగురు చొప్పున ఉన్నప్పుడు 4 × 0.15 = 0.6. అంటే నిమిషానికి 36 మందే. దారిలో జనం రెట్టింపయ్యారు, దారి దాటేవాళ్లు మాత్రం సగమయ్యారు! ఇంటిగంట కొట్టగానే తలుపు దగ్గర తోసుకుంటే త్వరగా బయటపడతామని మనం అనుకుంటాం. లెక్క మన పక్షాన లేదు.

బ్రిటన్‌లో ఆటస్థలాల భద్రత కోసం 1973లో ఒక మార్గదర్శక గ్రంథం వేశారు. అంతకు రెండేళ్ల ముందు, 1971 జనవరి 2న, గ్లాస్గో నగరంలోని ఐబ్రాక్స్ మైదానంలో ఆట ముగిసి జనం మెట్లు దిగుతుండగా 66 మంది నలిగి చనిపోయారు. ఆ గ్రంథం అప్పటినుంచి ఎన్నోసార్లు సవరణ పొందింది. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్లమీద 66 మంది దాటగలరు, అంతకుమించి ఆశించవద్దు అని అందులో ఉంది. మన 72కి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

సరే, ఈ అంకె పట్టుకుని ఒక జాతరకు వెళదాం. గేటు వెడల్పు 3 మీటర్లు అనుకోండి. నిమిషానికి 3 × 82 = 246 మంది లోపలికి వెళ్లగలరు. జనం నిమిషానికి 300 మంది చొప్పున వస్తున్నారు. నిమిషానికి 54 మంది మిగిలిపోతున్నారు. 54 ఏపాటి? ఎవరూ పట్టించుకోరు. అరగంటకు 1,620 మంది అవుతారు. గేటు ముందు 400 చదరపు మీటర్ల స్థలం ఉంటే, అరగంటకు అక్కడ చదరపు మీటరుకు నలుగురు. గంటకు ఎనిమిది మంది! అసలు గుంపు చిక్కబడేకొద్దీ గేటు దాటేవాళ్లు 246 మంది కూడా ఉండరు గనక, పరిస్థితి గంటకంటె ముందే అక్కడికి వస్తుంది. ఈ గంటలో ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ ఎవరినీ కావాలని నెట్టలేదు. 300లోంచి 246 తీసివేసి చూసుకోకపోవడమే జరిగిన పొరపాటంతా.

మనుషులు నీళ్లయిపోతారు

జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు పాదచారుల దారులను గురించి 1971లో ఒక పుస్తకం రాశాడు. ఆ తర్వాత జనం నలిగిన ప్రమాదాలను పరిశీలించి ఆయన చెప్పిన సంగతి ఏమిటంటే, చదరపు మీటరుకు ఏడుగురు దగ్గరపడేసరికి గుంపు దాదాపు ఒక ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఒకచోట తగిలిన తోపు అలలాగా గుంపంతా పాకుతుంది. ఆ అల మనుషులను నేలమీదినుంచి ఎత్తి చాలా దూరం మోసుకుపోగలదు. చెప్పులు, బూట్లు ఊడిపోతాయి, బట్టలు చిరిగిపోతాయి. 

అంత బలం ఎక్కడినుంచి వచ్చింది? రైలుపెట్టెలను షంటింగ్ చేయడం మీరు చూసే ఉంటారు. ఇంజను చివరిపెట్టెను మెల్లగా తాకుతుంది. ఆ తాకిడి పెట్టెనుంచి పెట్టెకు పోయి మొదటి పెట్టె దగ్గర "ధన్" మంటుంది. గుంపులో ఇంజను కూడా అక్కరలేదు. వెనక ఉన్న ఒక్కొక్కరూ ముందువాళ్లమీదికి రవ్వంత ఒరిగితే చాలు, ఆ రవ్వలన్నీ కలుస్తాయి. ఇలాంటి ప్రమాదాలు జరిగినచోట ఇనుప కటకటాలు వంగిపోయి కనిపించాయి. వాటిని వంచడానికి 4,500 న్యూటన్లకు పైగా బలం కావాలని లెక్క తేలింది. అంటే దాదాపు 450 కిలోల బరువు పక్కనుంచి ఆనినట్టు. 

ఏడుగురిదాకా పోకముందే గుంపు ఒక హెచ్చరిక చేస్తుంది. స్పెయిన్ దేశంలో పాంప్లోనా అనే ఊళ్లో ఏటా జూలై 6న సాన్ ఫెర్మిన్ ఉత్సవం మొదలవుతుంది. పురపాలక భవనం ముందరి చిన్న కూడలిలో జనం కిక్కిరిసి నిలబడతారు. కొందరు భౌతికశాస్త్రజ్ఞులు ఎత్తైన చోట కెమెరాలు పెట్టి కొన్ని సంవత్సరాలపాటు ఆ గుంపును చిత్రించారు. వాళ్లు కనిపెట్టినదాన్ని 2025లో ప్రకటించారు. చదరపు మీటరుకు నలుగురు దాటిన తర్వాత, వందలకొద్దీ మనుషులు తమకు తెలియకుండానే ఒక్కటిగా ఊగడం మొదలుపెడతారట. ముందుకూ వెనక్కూ కూడా కాదు, గుండ్రంగా! ఒక్కొక్క చుట్టుకు దాదాపు 18 సెకన్లు పట్టింది. ఎవరూ తాళం వేయడం లేదు, ఎవరూ ఊగుదామని అనుకోలేదు. అణువులు కలిసి ద్రవమైనట్టు మనుషులు కలిసి మరొక పదార్థమయ్యారు. గుంపులో నిలబడి ఉండగా, మీరు కదలకపోయినా మీ శరీరం ఊగుతున్నట్టు అనిపిస్తే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. అక్కడ సాంద్రత నాలుగు దాటిందని అర్థం.

మన మాటలో ఉన్న పొరపాటు

తెలుగులో ఇలాంటి ప్రమాదాన్ని తొక్కిసలాట అంటాం. తొక్కడం, తొక్కించుకోవడం అందులో ఉన్నాయి. బెదిరిన పశువులమందలాగా జనం పరుగెత్తి, పడినవాళ్లను తొక్కుకుంటూ పోయారన్న చిత్రం మన మనసులో కదులుతుంది. నిజంగా జరిగేది చాలాసార్లు అది కాదు. పరుగెత్తడానికి చోటుంటే గదా పరుగు! ఈ ప్రమాదాలలో ఎక్కువమంది ఊపిరి ఆడక చనిపోతారు. అందులో కొందరు నిలబడి ఉండగానే.

దర్జీ టేపు ఒకటి తీసుకుని మీ ఛాతీ చుట్టూ చుట్టి, ఊపిరి పూర్తిగా వదిలి ఒకసారి, నిండా పీల్చి మరొకసారి కొలవండి. కొన్ని సెంటీమీటర్ల తేడా వస్తుంది. మన ఊపిరితిత్తులకు సొంతంగా కండరాలు లేవు. పక్కటెముకల గూడు విచ్చుకుని, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న ఉదరవితానం కిందికి దిగితేనే గాలి లోపలికి వస్తుంది. ఆ కొద్ది సెంటీమీటర్ల చోటును ముందునుంచీ వెనకనుంచీ గుంపు ఆక్రమిస్తే? గాలి వదలడం సులువే, గుంపే పిండి వదిలిస్తుంది. తిరిగి పీల్చడానికి ఛాతీ విచ్చుకోదు. చుట్టూ ఎంత గాలి ఉన్నా ఒకటే. కొద్ది నిమిషాలు అలా ఉంటే ప్రాణం పోతుంది. ముఖం ఆకాశంవైపే ఉంటుంది, నోరు తెరిచే ఉంటుంది, పక్కన ఉన్నవాళ్లకు కూడా ఏం జరుగుతున్నదో తెలియదు.

మాట మార్చమని నేను అనడం లేదు. వందల ఏళ్లనాటి మాటలు వ్యాసాలు రాస్తే మారవు. కాని ఆ మాటవల్ల ఒక నష్టం ఉంది. "జనం తొక్కుకున్నారు" అనగానే తప్పు జనానిది అయిపోతుంది. దారి వెడల్పు ఎంత, గేటు ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు అన్న ప్రశ్నలు వెనక్కిపోతాయి. 

సండర్లండ్ పిల్లలు

ఇంగ్లండులోని సండర్లండ్ అనే ఊళ్లో విక్టోరియా హాలు అని ఒకటి ఉండేది. 1883 జూన్ 16న అందులో పిల్లల కోసం ఇంద్రజాల ప్రదర్శన జరిగింది. పై అంతస్తు బాల్కనీలో వెయ్యిమందికి పైగా పిల్లలున్నారు. పెద్దవాళ్లు చాలా తక్కువ. ప్రదర్శన ముగుస్తుండగా బహుమతులు పంచుతామన్నారు. కింద కూర్చున్న పిల్లలకు వేదికమీదినుంచే బొమ్మలు పంచడం మొదలుపెట్టారు. అది చూసి, తమకు దక్కవేమోనని పై అంతస్తు పిల్లలు మెట్లమీదుగా కిందికి పరుగెత్తారు. మెట్ల కింద ఒక తలుపు ఉంది. అది లోపలివైపుకు, అంటే పిల్లలు వస్తున్న వైపుకు తెరుచుకునే తలుపు. పిల్లలు ఒక్కొక్కరే రావాలని, ఒక మనిషి పట్టేంత సందు ఉంచి దానికి గడియ బిగించారు. మొదటి పిల్లలు ఆ సందులో ఇరుక్కున్నారు. వెనకవాళ్లకు ఆ సంగతి తెలియదు. వాళ్లు వస్తూనే ఉన్నారు. తలుపును వెనక్కి లాగుదామంటే దానికి పిల్లలే అడ్డం. 183 మంది పిల్లలు చనిపోయారు. మూడేళ్లవాళ్లున్నారు, పద్నాలుగేళ్లవాళ్లున్నారు.

అక్కడ నిప్పు అంటుకోలేదు. ఎవరూ భయపడి పారిపోలేదు. బొమ్మ దొరుకుతుందన్న సంతోషంతో వచ్చిన పిల్లలు వాళ్లు. ఆ తర్వాత బహిరంగ స్థలాలలో తలుపులు బయటికి తెరుచుకునేలా ఉండాలన్న నియమాలు వచ్చాయి. సినిమాహాళ్లలో, పెద్ద భవనాలలో కొన్ని తలుపులకు నడుమెత్తున అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, చూశారా? ఒంటితో ఆనుకుంటే చాలు, గడియ ఊడి తలుపు బయటికి తెరుచుకుంటుంది. సండర్లండ్ ప్రమాదం తర్వాతే అలాంటి కడ్డీ తయారయింది. 

ముందువాళ్ల బాధ వెనకవాళ్లకు తెలియకపోవడమే అన్నిచోట్లా కనిపించే ముడి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోనే, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో ఇదే జరిగింది. గేటు బయట తిరుగుడు గేట్ల దగ్గర జనం పేరుకుపోయారు. బయట ఎవరైనా నలిగిపోతారేమోనని పోలీసులు పక్కన ఉన్న ఒక పెద్ద గేటు తెరిపించారు. రెండువేలమంది లోపలికి వచ్చారు. వాళ్లకు ఎదురుగా కనబడింది ఒకే సొరంగం లాంటి దారి. అది కంచెలు కట్టిన రెండు మధ్య దొడ్లలోకి పోతుంది. (పశువులదొడ్డికి వాడే మాటనే ఇంగ్లీషులో కూడా వాటికి వాడేవారు.) ఆ దొడ్లు అప్పటికే నిండిపోయాయి. అటూ ఇటూ ఉన్న పక్క దొడ్లలో కావలసినంత చోటుంది. సొరంగం మొదట్లో నిలబడి "ఇటు కాదు, పక్కకు వెళ్లండి" అని చెప్పడానికి ఒక్క మనిషి లేడు. 97 మంది చనిపోయారు. తాగి వచ్చిన ప్రేక్షకులవల్లే ఇదంతా జరిగిందని పోలీసులు చాలా కాలం చెప్పారు. 27 ఏళ్ల తర్వాత, 2016లో, న్యాయవిచారణలో జ్యూరీ ప్రేక్షకుల తప్పు ఏమీ లేదని తేల్చింది. ఇరవైయేడేళ్లు! చనిపోయినవాళ్ల తల్లిదండ్రులలో ఆ తీర్పు వినడానికి అందరూ మిగలలేదు.

వంతెన బాగుపడింది, దారి మిగిలింది

లెక్క వేస్తే ఫలితం ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉంటుంది. మక్కా దగ్గర మినా అనేచోట హజ్ యాత్రికులు మూడు స్తంభాలమీద గులకరాళ్లు విసురుతారు. లక్షలమంది కొద్ది గంటలలో చేయవలసిన పని అది. అక్కడి జమారాత్ వంతెన మీద ఎన్నోసార్లు ప్రమాదాలు జరిగాయి. 2006 జనవరి 12న 346 మంది చనిపోయారు. ఆనాటి గుంపును చిత్రించిన వీడియోను డిర్క్ హెల్బింగ్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ కంప్యూటరుతో పరిశీలించారు. మొదట జనం సాఫీగా సాగారు. తర్వాత ఆగుతూ, కదులుతూ, ఆగుతూ ఒక అలలాంటి నడక మొదలయింది. పెద్ద ఊళ్ల రోడ్లమీద బస్సులు అలాగే కదులుతాయి. చివరికి అల కూడా పోయి, సుడులు తిరిగే ఏటినీరులా మనుషులు ఇష్టంవచ్చిన దిక్కుకల్లా విసిరివేయబడ్డారు. ఆ "ఆగి, కదిలే" నడక మొదలైన తర్వాత సుడులు మొదలుకావడానికి దాదాపు అరగంట పట్టింది. అరగంట అంటే చాలా ఎక్కువ. చూసే కన్నూ, చూసిందేమిటో తెలిసిన మనిషీ ఉంటే వచ్చేవాళ్లను దూరంలోనే ఆపేయవచ్చు.

పాత వంతెనను పడగొట్టి అంతస్తుల వంతెన కట్టారు. రావడానికి వేరే దారి, పోవడానికి వేరే దారి. ఎదురెదురు నడక లేదు. గుండ్రని స్తంభాల చుట్టూ జనం మూగుతున్నారని అంతకుముందే వాటిని పొడుగాటి గోడలుగా మార్చారు. గోడ పొడుగు ఉన్నంతమేరా నిలబడవచ్చు గనక అందరూ ఒక్కచోటికి రానక్కరలేదు. ఎంత చిన్న ఊహ, చూడండి! ఆ వంతెన మీద మళ్లీ అలాంటి ప్రమాదం జరగలేదు. కాని 2015 సెప్టెంబరు 24న, వంతెనకు వెళ్లే వీధులలో రెండు దారుల జనం కలిసినచోట, ఘోరం జరిగింది. సౌదీ ప్రభుత్వం 769 మంది అని ప్రకటించింది. ఆయా దేశాలు చెప్పిన అంకెలను కలిపిన వార్తాసంస్థల లెక్కలో అది రెండువేలు దాటింది. ఒకచోట బాగుచేస్తే ఇరుకు మరొకచోటికి మారుతుంది. ఇంటినుంచి బయలుదేరినచోటు మొదలుకొని తిరిగి చేరేదాకా దారంతా లెక్కలోకి రావాలి.

మన తిరుమల సంగతే తీసుకోండి. అక్కడి క్యూ కాంప్లెక్సులో భక్తులను పెద్ద పెద్ద గదులలో కూర్చోబెట్టి, ఒక్కొక్క గదిని వంతులవారీగా వదులుతారు. గంటలకొద్దీ కూర్చోవాలంటే విసుగే, ఒప్పుకుంటాను. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు కాలువలమీది లాకులు తెలిసే ఉంటాయి. పైనీటి బరువంతా కిందినీటిమీద ఒక్కసారిగా పడకుండా లాకు తలుపులు ఆపుతాయి. ఈ గదులు చేసే పని అదే. పదివేలమంది వెనక ఉన్నా వాళ్ల తోపు ముందుగదిలోకి రాదు. అయితే 2025 జనవరి 8 రాత్రి కొండ కింద, తిరుపతిలో, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జనం వేచి ఉన్నచోట ఆరుగురు చనిపోయారు. మళ్లీ చూడండి, గదులున్నచోట కాదు, వాటికి ఎంతో ముందు దారిలో. అస్వస్థురాలైన ఒకామెను బయటికి తీసుకురావడానికి గేటు తెరిస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ముందుకు వచ్చారని అప్పట్లో చెప్పారు. గుంపు దృష్టిలో గేటు తెరవడమంటే మాట్లాడడమే. తెరిచేముందు ఆ మాటకు అర్థమేమిటో మైకులో చెప్పాలి, అదీ ముందువాళ్లకు కాదు, వెనకవాళ్లకు వినబడేలా.

బృహస్పతి చెప్పే తేదీ

రాజమండ్రి పుష్కరరేవులో 2015 జూలై 14 ఉదయం, గోదావరి పుష్కరాల మొదటిరోజున, 27 మంది చనిపోయారు. ఆ ఊళ్లోనే కోటిలింగాల రేవులాంటి పెద్ద రేవులు వేరే ఉన్నాయి. అన్నిచోట్లా గోదావరి ఒక్కటే, నీళ్లు ఒక్కటే. కాని మొదటిరోజు, మొదటి గంటలు, పేరున్న రేవు అనేసరికి మూడూ కలిసి లక్షలాది అడుగులను ఒక్కవైపు తిప్పాయి. చోటు చాలకపోవడం ఒక ఇరుకయితే, అందరూ ఒకే గంటను ఎంచుకోవడం మరొక ఇరుకు. దారి వెడల్పును మీటర్లలో కొలిచినట్టే కాలం వెడల్పును కూడా కొలవాలి. పన్నెండు రోజుల పండుగలో మొదటి మూడు గంటలంటే చాలా సన్నని సందు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. భూకంపం చెప్పి రాదు. తుఫాను కొద్దిరోజుల ముందు మాత్రమే చెబుతుంది. పుష్కరం బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు వస్తుంది. బృహస్పతి సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 11 సంవత్సరాల 10 నెలలు పడుతుంది. ఈ ప్రమాదం ఏ సంవత్సరం, ఏ ఊళ్లో, ఏ మెట్లమీద వచ్చే అవకాశం ఉందో పన్నెండేళ్ల ముందే ఆకాశంలో రాసి ఉంటుంది! 2015 తర్వాతి గోదావరి పుష్కరాలు 2027లో. మెట్ల వెడల్పు కొలవడానికి, నిమిషానికి 66 చొప్పున గుణించడానికి పన్నెండేళ్లు ఎక్కువే.

మీరు గుంపులో ఉంటే

రేవులు కొలవడం ప్రభుత్వం పని, మీ పని కాదు. మీరు అమ్మానాన్నలతోనో, అమ్మమ్మతోనో ఏదో ఒక రోజు పెద్ద గుంపులోకి వెళతారు. అప్పటికి కొన్ని సంగతులు తెలిసి ఉండడం మంచిది.

చెయ్యి పైకెత్తి ముక్కు గోక్కోగలరేమో అప్పుడప్పుడూ చూసుకోండి. పక్కవాళ్లకు తగలకుండా గోక్కోగలిగితే ఫరవాలేదు. ఎత్తడమే కష్టమవుతున్నదంటే ఇంకా సమయం ఉండగానే అంచుకు మళ్లండి. ఎదురు నడవకండి, గుంపుకు ఎదురీదడం ఏటికి ఎదురీదడం లాంటిదే. అల వచ్చినప్పుడు ఆగి, అల తగ్గినప్పుడు ఏటవాలుగా ఒక్కొక్క అడుగు పక్కకు వేయండి. గోడలకూ, మూసిన గేట్లకూ, ఇనుప కంచెలకూ దూరంగా ఉండండి, ఎందుకంటే తోపు చివరికి వాటి దగ్గరే పోగవుతుంది. చేతులు కిందికి వేలాడేసుకోవద్దు. మోచేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకుంటే ఆ కొద్ది సెంటీమీటర్ల చోటు మీకు దక్కుతుంది. చెప్పు ఊడిపోతే ఊడిపోనివ్వండి, వంగి తీయవద్దు. కేకలు వేసి ఊపిరి ఖర్చు చేయవద్దు. పడిపోతే వెంటనే లేవడానికి ప్రయత్నించండి. లేవలేకపోతే పక్కకు తిరిగి ముడుచుకుని, చేతులతో తలను కాపాడుకోండి. బోర్లా గాని వెల్లకిలా గాని పడుకుంటే ఛాతీమీద బరువు పడుతుంది. ముందు ఎవరైనా పడిపోయారని తెలిస్తే వెనక్కి తిరిగి, "ఆగండి, వెనక్కి జరగండి" అన్న మాటను మీ వెనక ఉన్నవాళ్లకు చెప్పి, వాళ్ల వెనకవాళ్లకు చెప్పమనండి. సండర్లండ్‌లో ఆ మాట మెట్లు ఎక్కలేదు.

అమ్మమ్మతో వెళుతున్నారా? మొదటిరోజు కాకుండా నాలుగోరోజు వెళదామని ఇంట్లో ఒక మాట అనండి. మొదట ఒప్పుకోరు. సుద్దముక్కతో చదరం గీసి చూపించండి.

ఈలోగా ఇంకొక పని చేయవచ్చు. మీ స్కూలు మెట్ల వెడల్పు కొలవండి. ఒకటిన్నర మీటరు ఉందనుకుంటే 1.5 × 66 = 99. నిమిషానికి సుమారు వందమంది. పై అంతస్తులో 500 మంది ఉంటే దిగడానికి అయిదు నిమిషాలు పట్టాలి. ఇంటిగంట కొట్టినప్పుడు ఒక రోజు గడియారం చూసి, నిజంగా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మెట్ల కింద తలుపు ఉంటే అది ఎటువైపుకు తెరుచుకుంటుందో కూడా ఆ పక్కనే రాయండి.